చిన్నపిల్లలకు చరిత్ర ఎలా చెప్పాలి: గోదావరి డెల్టా బళ్లలో పనికొచ్చే పద్ధతి

"మూడో తరగతి వాళ్లకి చరిత్ర ఎక్కణ్ణుంచి మొదలెట్టాలండీ? తేదీలు చెబితే గుర్తుండవు, రాజుల కథలు చెబితే సినిమా కథలా వినేసి ఊరుకుంటున్నారు." టీచర్లు అడిగేది ఇదే, పిల్లల్ని ఇంట్లో చదివించుకునే తల్లిదండ్రులు అడిగేదీ ఇదే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు మొత్తం ఒకచోట రాస్తున్నాను. ఇది మూడు, నాలుగు, ఐదు తరగతుల కోసం. ప్రైమరీలో చరిత్ర అని వేరే సబ్జెక్టు లేదు, పరిసరాల విజ్ఞానంలోనే కలిసి ఉంటుంది. కాబట్టి ఆ పీరియడ్‌లోనే వారానికి రెండు రోజులు దీనికి తీసుకోండి. నెలన్నరలో అయిపోతుంది.

ఈ వయసులో పిల్లలకు రావాల్సినవి మూడే. ఏది ముందు, ఏది తర్వాత. ఏం మారింది, ఏం మారలేదు. ఈ సంగతి మనకు ఎలా తెలిసింది. ఈ మూడూ వస్తే హైస్కూల్లో తేదీలు వాటంతటవే కూర్చుంటాయి. మూడోది చాలా మంది వదిలేస్తారు. నా మటుకు అదే అన్నిటికన్నా ముఖ్యం.

ఏమేం కావాలి

- 20 మీటర్ల కొబ్బరి తాడు. దొరక్కపోతే నైలాన్ తాడైనా సరే.
- బట్టల క్లిప్పులు ఓ యాభై, పాత క్యాలెండర్ల వెనక తెల్ల కాగితాలు, స్కెచ్ పెన్నులు.
- టేపు. మీటరు స్కేలు ఉన్నా చాలు.
- ఊళ్లో అడిగి తెచ్చిన పాత వస్తువులు నాలుగైదు: కుంచం, మానిక, సోల (ధాన్యం కొలిచే పాత్రలు), లాంతరు, చిల్లు కానీ, పాత రేషన్ కార్డు, పాత పెళ్లి ఫోటో. తెచ్చిన ప్రతి వస్తువు మీదా ఇచ్చినవాళ్ల పేరు చీటీ అంటించండి. తిరిగి ఇవ్వకపోతే మళ్లీ ఎవరూ ఇవ్వరు.
- ఒక నోటుబుక్కు, పిల్లలు తెచ్చిన కబుర్లు రాసుకోవడానికి.

ప్రొజెక్టరు, వీడియోలు అక్కర్లేదు. ఉంటే చివర్లో వాడుకోండి, మొదట్లో వద్దు.

1. తాడుతో మొదలుపెట్టండి

లెక్క సులువు: ఒక మీటరు అంటే పదేళ్లు. తాడు ఒక కొసన "ఈ రోజు" అని కాగితం పెట్టండి. తాడును వరండాలో స్తంభాలకు పిల్లల భుజం ఎత్తులో కట్టండి.

ముందు పిల్లల జీవితం. తొమ్మిదేళ్ల పిల్ల పుట్టిన రోజు "ఈ రోజు" నుంచి 90 సెంటీమీటర్ల దూరంలో వస్తుంది. అక్కడ ఆ పిల్ల చేతే క్లిప్పు పెట్టించండి. బడిలో చేరిన ఏడు, తమ్ముడు పుట్టిన ఏడు ఆ 90 సెంటీమీటర్ల లోపలే ఇరుకుతాయి. తర్వాత అమ్మ పుట్టిన ఏడు, తాతగారు పుట్టిన ఏడు పెట్టించండి. తాతగారి క్లిప్పు దగ్గరికి ఆరేడు మీటర్లు నడిచి వెళ్లాలి. తాడు పొడవునా నడుస్తున్నప్పుడే పిల్లలకు కాలం అంటే ఏంటో అర్థమవుతుంది. నోటితో ఎంత చెప్పినా అది రాదు.

తాతలకూ మామ్మలకూ పుట్టిన సంవత్సరం తెలియకపోవడం మామూలే. దానికి మన దగ్గర మంచి ఉపాయం ఉంది: పుష్కరాలు. గోదావరి పుష్కరాలు 2015, 2003, 1991, 1979, 1967ల్లో వచ్చాయి. తాడు మీద ఒక్కో పుష్కరానికి ఒక్కో ఎర్ర పీలిక కట్టండి. పన్నెండేళ్లు కాబట్టి పీలికకూ పీలికకూ మధ్య సరిగ్గా మీటరూ ఇరవై సెంటీమీటర్లు వస్తుంది. ఇంటికి వెళ్లి "మామ్మా, నీ పెళ్లి ఏ పుష్కరాలకి ముందు?" అని అడిగితే ఆవిడ ఠక్కున చెబుతుంది. ఆ జవాబుతో పిల్లలు రెండు పీలికల మధ్య క్లిప్పు పెట్టగలరు.

జాగ్రత్త: "మీ వంశవృక్షం గీసుకు రండి" అని మాత్రం అడక్కండి. అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో పనికి వెళ్లి, అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్లలు డెల్టాలో ప్రతి తరగతిలో ఉంటారు. తండ్రి లేని పిల్లలు ఉంటారు. "ఇంట్లో గానీ వీధిలో గానీ మీకు ఇష్టమైన పెద్దవాళ్లు ఒకరు" అంటే సరిపోతుంది.

2. ఒక పాత వస్తువు చేతికివ్వండి

ఒక పీరియడ్‌కి ఒక్క వస్తువే. అన్నీ ఒకేసారి బల్ల మీద పెడితే ఎగ్జిబిషన్ అవుతుంది, పాఠం అవదు.

కుంచంతో ఎలా చేయాలో చెబుతాను. కుంచాన్ని పేరు చెప్పకుండా పిల్లల మధ్య పెట్టండి. చేత్తో పట్టుకోనివ్వండి, లోపల వేలు పెట్టి చూడనివ్వండి. అడుగున పట్టీ అరిగి నున్నగా ఉంటుంది, పైన అంచు సొట్టలు పడి ఉంటుంది. ఒక్కో ప్రశ్నా నెమ్మదిగా అడగండి.

"దేంతో చేశారు?"
"అంచు ఎందుకు సొట్టపోయిందంటారు?"
"అడుగు ఎందుకు అరిగింది?"
"ఇప్పుడు ఈ పని దేంతో చేస్తున్నాం?"

ఎవరో ఒకరు "బియ్యం కొలిచేదండి" అంటారు. వెంటనే మెచ్చుకుని ముగించేయకండి. "నీకెలా తెలుసు?" అని అడగండి. "మా మామ్మ చెప్పిందండి" అంటే అదొక ఆధారం. "లోపల ధాన్యం పొట్టు ఇరుక్కుని ఉందండి" అంటే అది ఇంకా మంచి ఆధారం. రెండింటికీ తేడా పిల్లలకు చెప్పండి: ఒకటి విన్నది, ఒకటి చూసింది.

తర్వాత ఇసుక తెచ్చి, కుంచానికి ఎన్ని మానికలు పట్టాయో, మానికకు ఎన్ని సోలలు పట్టాయో కొలిపించండి. జవాబు మీరు చెప్పకండి.

కుంచం దొరక్కపోతే పాత రేషన్ కార్డు కూడా బాగా పనికొస్తుంది. దాని మీద "తూర్పు గోదావరి జిల్లా" అని ఉంటుంది. అదే ఇల్లు ఇప్పుడు కోనసీమ జిల్లాలోనో కాకినాడ జిల్లాలోనో ఉంది. ఇల్లు కదిలిందా, జిల్లా కదిలిందా? 1925లో కృష్ణా జిల్లా నుంచి పశ్చిమ గోదావరి విడిపోయింది, పాత గోదావరి జిల్లాకు తూర్పు గోదావరి అని పేరొచ్చింది, 2022 ఏప్రిల్‌లో మళ్లీ కొత్త జిల్లాలు వచ్చాయి అని అప్పుడు చెప్పండి. కార్డు చూపించే ముందు నంబర్లూ పేర్లూ కనబడకుండా కాగితం అంటించండి.

నాణెం దొరికితే 1957 ఏప్రిల్ 1కి ముందుదా, తర్వాతదా చూడండి. ఆ రోజు నుంచే రూపాయికి వంద నయాపైసలయ్యాయి. అంతకుముందు పదహారు అణాలు. మధ్యలో చిల్లున్న కానీలు 1940ల్లో ముద్రించినవి.

3. పెద్దవాళ్లను అడిగి రమ్మనండి

ఐదు ప్రశ్నలకు మించి ఇవ్వకండి. నేను ఇచ్చేవి ఇవి:

- మీ చిన్నప్పుడు ఏరు ఎలా దాటేవారు? పంటు (బల్లకట్టు) మీదా, పడవలోనా, వంతెన మీదా?
- ఇంట్లో కరెంటు ఎప్పుడొచ్చింది? అంతకుముందు రాత్రి ఎలా గడిచేది?
- 1986 వరద గానీ 1996 తుఫాను గానీ మీకు గుర్తుందా? అప్పుడు మీరెక్కడున్నారు?
- బడికి వెళ్లారా? వెళ్లకపోతే ఎందుకు వెళ్లలేదు?
- అప్పటిది ఇప్పటికీ మారకుండా ఉన్నది ఏదైనా ఉందా?

మూడో ప్రశ్నకు జవాబులు చాలా వస్తాయి. 1986 ఆగస్టు వరదకు ఏటిగట్లకు గండ్లు పడటం, లంకల్లో జనం చెట్లెక్కి కూర్చోవడం, 1996 నవంబరు 6 రాత్రి కొబ్బరిచెట్లు వరసగా నేలకు ఒరిగిపోవడం చూసినవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. పిల్లలు తెచ్చిన కబుర్లను పక్కపక్కన పెట్టి చదవండి. ఒక తాతగారు నీళ్లు నడుం లోతన్నారు, ఇంకో మామ్మ పీకల్లోతంది. ఎవరిది నిజం? "ఇద్దరి ఇళ్లూ ఎక్కడున్నాయి?" అని అడగండి. ఒకటి మెరక మీద, ఒకటి పల్లంలో అని పిల్లలే కనిపెడతారు. చరిత్ర రాసేవాళ్లు చేసే పని సరిగ్గా ఇదే, దాన్ని పదేళ్ల పిల్లలు చేయగలరు.

జాగ్రత్తలు రెండు. ఆ తుఫానులో మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్లుంటాయి. "చెప్పడం ఇష్టం లేదంటే అక్కడితో ఆపేయండి" అని పిల్లలకు ముందే చెప్పి పంపండి. రెండోది, నాలుగో ప్రశ్నకు "మమ్మల్ని బడిలో విడిగా కూర్చోబెట్టేవారు", "ఆ చెరువు నీళ్లు మమ్మల్ని తాకనిచ్చేవారు కాదు" అనే జవాబులు రావచ్చు. వస్తే దాటేయకండి. "ఇది మన ఊళ్లో జరిగింది, తప్పు, ఇప్పుడు చట్టం ఒప్పుకోదు" అని సూటిగా చెప్పండి. కానీ ఆ పిల్లను లేపి నిలబెట్టి అందరి ముందూ చదివించకండి. పేరు లేకుండా మీరే చదవండి. ఎవరి కులం ఏంటి, కులవృత్తి ఏంటి అనే ప్రశ్న మీ నోటి నుంచి అసలు రాకూడదు.

4. ఒక్కచోటికి తీసుకెళ్లండి

దూరం వెళ్లక్కర్లేదు. మీ ఊరికి ఏది దగ్గరైతే అది.

ధవళేశ్వరం, రాజమండ్రి వైపు వాళ్లకు బ్యారేజీ, ఆనకట్ట కట్టించిన ఇంజినీరు కాటన్ పేరుతో ఉన్న మ్యూజియం, 1900 నుంచి 1997 వరకు రైళ్లు నడిచిన హేవలాక్ వంతెన ఉన్నాయి. కోనసీమలో పి.గన్నవరం వాళ్లకు వైనతేయ అనే గోదావరి పాయ మీద నుంచి కాలువను దాటించిన పాత అక్విడెక్టు, దాని పక్కనే డొక్కా సీతమ్మగారి పేరుతో ఉన్న కొత్తది. మామిడికుదురు వైపు ఆదుర్రులో సుమారు రెండు వేల ఏళ్ల నాటి బౌద్ధ స్తూపం. రామచంద్రపురం వైపు ద్రాక్షారామం గుడి శాసనాలు. నరసాపురం, పాలకొల్లు వైపు డచ్చివాళ్లు వ్యాపారం చేసిన చోట్లు, ఇప్పటికీ అల్లే లేసు. యానాం పక్కన ఉన్నవాళ్ల అదృష్టమే అదృష్టం: వంతెన దాటితే చాలు, 1954 దాకా ఫ్రెంచివాళ్లు ఏలిన ఊరు. కాకినాడ-కోటిపల్లి లైను పక్క ఊళ్లవాళ్లు రైలు పట్టాలే చూపించండి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఆ పట్టాలు పీకేశారు, మళ్లీ 2004లో గానీ రైలు నడవలేదు. ఎక్కడో జరిగిన యుద్ధం మన ఊరి రైలును తీసుకుపోవడం పిల్లలు మర్చిపోరు.

ఏదీ దగ్గర్లో లేకపోతే మీ ఊరి కాలువ మీద లాకులైనా, పాత తూమైనా, బడి శిలాఫలకమైనా చాలు. ఫలకం మీద తేదీ, పేర్లు ఉంటాయి. అంతకన్నా చిన్నపిల్లలకు చదవడానికి వీలైన శాసనం ఉండదు.

కాలువ దగ్గర చాలా జాగ్రత్తగా ఉండండి. ఇద్దరిద్దరు చేతులు పట్టుకోవాలి, ప్రతి పదిమందికీ ఒక పెద్దవాళ్లు ఉండాలి, లాకుల గోడ ఎవరూ ఎక్కకూడదు, నీళ్లలో చేతులు కడగడానికి కూడా దిగకూడదు. నీళ్లు వదిలే రోజుల్లో అసలు వెళ్లకండి. తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకోండి. గుడిలో శాసనం అక్షరాలు బాగా కనబడాలని పిండి గానీ సుద్ద గానీ పూయకండి, రాయి పాడవుతుంది. పొద్దున్నే ఏటవాలు ఎండలో చూస్తే అక్షరాలు అవే లేచి కనబడతాయి. నీడలో ఉన్నవాటికి సెల్‌ఫోన్ లైటు పక్కనుంచి వేయండి, ఎదురుగా కాదు.

5. ఇప్పుడు కాటన్ కథ చెప్పండి

అందరూ దీనితోనే మొదలుపెడతారు. నేను ఇక్కడ పెట్టడానికి కారణం ఉంది. తాడు, వస్తువు, వరద కబుర్లు అయ్యాక చెబితే పిల్లలు ప్రశ్నలు వేస్తారు. ముందే చెబితే దండం పెట్టి ఊరుకుంటారు.

పావుగంట చాలు. ఇలా చెప్పవచ్చు:

"గోదావరి నిండా నీళ్లున్నా మన చేలకు అందేవి కావు. వానొస్తే పంట, రాకపోతే పస్తు. 1833లో పెద్ద కరువొచ్చింది. 1839లో కోరంగి దగ్గర పెద్ద తుఫాను వచ్చి ఉప్పెన ఊళ్ల మీద పడింది. జనం చచ్చిపోయారు, వలసపోయారు. అప్పుడు మనల్ని ఏలేది కుంఫిణీ, అంటే ఈస్టిండియా కంపెనీ. వాళ్లకు పన్నులు రావడం తగ్గిపోయింది. కాటన్ అనే ఇంజినీరు, ఏటికి అడ్డంగా ఆనకట్ట కడితే జనానికి తిండీ, మీకు పన్నూ రెండూ వస్తాయని చెప్పి ఒప్పించాడు. 1847లో మొదలై 1852లో పూర్తయింది."

తర్వాత నేల మీద సుద్దముక్కతో గోదావరి గీయండి. ధవళేశ్వరం దగ్గర మధ్యలో లంకలున్నాయి కాబట్టి ఆనకట్ట ఒకే గోడ కాదు, నాలుగు ముక్కలు: ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం. నలుగురు పిల్లల్ని నాలుగు ముక్కలుగా పడుకోబెట్టండి, మిగతావాళ్లు లంకలు. ఆ నవ్వుల్లో పడి పటం గుర్తుండిపోతుంది.

ఇక్కడ పెద్దవాళ్లే చేసే పొరపాట్లు మూడున్నాయి.

"ఇప్పుడు బస్సు వెళ్లే బ్యారేజీ కాటన్ కట్టిందే" అనడం. కాదు. పాత ఆనకట్ట పాతబడిపోయాక, ఇప్పుడున్న బ్యారేజీని 1970, 80ల్లో కట్టారు. పేరు ఆయనది పెట్టారు.

"కాటన్ ఒక్కడే కట్టాడు" అనడం. రాయి పక్క కొండ నుంచి వచ్చింది, పని చేసింది వేల మంది కూలీలు. వాళ్ల పక్కన నిలబడి పని చేయించినవాళ్లలో వీణెం వీరన్న పేరు మనకు మిగిలింది. మిగతా పేర్లు మిగల్లేదు. "ఎందుకు మిగల్లేదు?" అని పిల్లల్ని అడగండి, జవాబు కోసం తొందరపడకండి.

"కుంఫిణీ మన మీద దయతో కట్టించింది" అనడం, లేకపోతే "వాళ్లు దోచుకోవడానికే అంతా చేశారు" అనడం. కాటన్‌కు జనం బాధ నిజంగా పట్టింది, కుంఫిణీకి పన్ను కావాలి. రెండూ నిజమే. పదేళ్ల పిల్లలకు ఇది అర్థమవుతుంది. ఇంట్లో అమ్మ ఒక పని రెండు కారణాలతో చేయడం వాళ్లు రోజూ చూస్తూనే ఉంటారు.

కాటన్ జయంతి మే 15, సెలవుల్లో పడుతుంది. కాబట్టి జయంతి కోసం ఆగకండి. కాలువలు పారే రోజుల్లో చెబితే, కిటికీలోంచి నీళ్లు చూపిస్తూ చెప్పవచ్చు.

ఆయన ఒక్కడితో ఆపకుండా డొక్కా సీతమ్మగారి గురించి కూడా చెప్పండి. 1841 నుంచి 1909 వరకు బతికారు, లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టారు. ఆనకట్ట కట్టేనాటికి ఆవిడ వయసెంతో తాడు మీద లెక్కపెట్టించండి.

6. తాడు చాలని కాలాలకు మైదానంలోకి వెళ్లండి

రాజమహేంద్రవరాన్ని ఏలిన రాజరాజనరేంద్రుడు 1022లో రాజయ్యాడు. మన లెక్కలో "ఈ రోజు" నుంచి వంద మీటర్లు. బడి గేటు దగ్గర ఒక పిల్లను నిలబెట్టి, పంచాయతీ రోడ్డు పొడవునా టేపుతో కొలుచుకుంటూ వెళ్లండి. స్వాతంత్య్రం ఎనిమిది మీటర్ల దగ్గర్లో, ఆనకట్ట పదిహేడు దాటాక, రాజరాజనరేంద్రుడు వంద దగ్గర, ఆదుర్రు స్తూపం రెండు వందల దగ్గర. ఒక్కోచోట ఒక్కో పిల్లను నిలబెట్టి కేకలు వేయించండి. "అప్పట్లో" అనే ఒకే మాట కింద అన్నీ కలిపేయడం ఆ రోజుతో పోతుంది. రోడ్డు మీద బళ్లు తిరిగితే పొలం గట్టు మీద చేయండి. అదీ కుదరకపోతే లెక్క మార్చి ఒక మీటరుకు వందేళ్లు పెట్టుకోండి, వరండాలోనే అయిపోతుంది.

7. పురాణం ఒక బుట్ట, ఆధారం ఒక బుట్ట

సప్తఋషులు గోదావరిని ఏడు పాయలుగా తెచ్చారని ఇంట్లో వింటారు. ద్రాక్షారామం అంటే దక్షుడి కథ చెబుతారు. పిల్లలు అవి తెస్తే తీసిపారేయకండి, వెక్కిరించకండి, అలాగని తాడు మీద క్లిప్పూ పెట్టకండి. రెండు బుట్టలు పెట్టి చీటీలు వేయించండి: "చెప్పుకునే కథ", "ఆధారం ఉన్నది". దక్షుడి కథ మొదటి బుట్టలోకి, గుడి స్తంభం మీద శాసనం రెండో దాంట్లోకి. ఏ చీటీ ఎందులో వేయాలో గొడవ వస్తే మంచిదే, కాసేపు గొడవ పడనివ్వండి.

వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

"ఆనకట్ట ఏ సంవత్సరంలో కట్టారు?" అని అడిగితే కంఠతా పట్టినవాళ్లు చెప్పేస్తారు, దాంతో ఏమీ తెలియదు. ఈ మూడూ చేయించండి.

ఒకటి, ఎనిమిది బొమ్మల చీటీలు కలిపేసి వరసలో పెట్టమనండి: సెల్‌ఫోను, లాంతరు, ఆనకట్ట, స్తూపం, ఇలాంటివి. ఒకటీ అరా తారుమారైనా పర్వాలేదు. ఆనకట్టను స్తూపానికి ముందు పెడితే ఆరో అడుగు మళ్లీ చేయాలి.

రెండు, తప్పు పట్టుకునే ఆట. "రాజరాజనరేంద్రుడు మిరపకాయ బజ్జీ తింటూ నన్నయ భారతం వింటున్నాడు. ఇందులో తప్పేంటి?" మిరపకాయ పోర్చుగీసువాళ్లతో మన దేశానికి వచ్చింది, వాళ్లు వచ్చింది 1498లో. టమాటా, బంగాళాదుంప కూడా అమెరికా నుంచి వచ్చినవే. అప్పటి కారం మిరియాలది. నన్నయ మాత్రం ఆ రాజు కొలువులోనే ఉన్నాడు, అది సరే. ఈ ఆట మొదలయ్యాక పిల్లలు సినిమాల్లో తప్పులు వెతికి తెస్తారు. తెస్తే పద్ధతి పనిచేసిందన్నమాట.

మూడు, ఒక పేజీ "మా వీధి" రాయమనండి. ప్రతి వాక్యం కింద "ఎలా తెలుసు" అని ఒక ముక్క ఉండాలి: "తాతగారు చెప్పారు", "ఫలకం మీద చూశాను", "అనుకుంటున్నాను". చివరిది రాసిన పిల్లకు మార్కులు తగ్గించకండి, ఎక్కువ వేయండి. రాయడం రాని పిల్లలు బొమ్మ గీసి నోటితో చెప్పవచ్చు.

తరచూ అడిగే ఇంకో రెండు

సింగిల్ టీచర్ బడి అయితే? ఐదో తరగతివాళ్లను ప్రశ్నలడిగే పెద్దలుగా, మూడోవాళ్లను వస్తువు పట్టుకునేవాళ్లుగా పెట్టండి. తాడు అందరికీ ఒకటే. ఒకటి, రెండు తరగతులకు మొదటి అడుగులోని సొంత జీవితం వరకు చాలు, ఆ పైన వద్దు.

ఆగస్టు 15 వచ్చేసింది, వేషాలేస్తే సరిపోదా? వేషాలు వేయించండి, తప్పు లేదు. అల్లూరి వేషం వేసిన పిల్లాడి చేత మాత్రం మన్యం తిరుగుబాటు నడిచిన 1922-24 దగ్గర క్లిప్పు పెట్టించి, అక్కణ్ణుంచి స్వాతంత్య్రం క్లిప్పు దాకా నడిపించండి. రెండు మీటర్ల పైచిలుకు వస్తుంది. అంటే ఎన్నేళ్లో ఆ పిల్లాడే మైకులో చెప్పాలి.